తాళాల గుత్తికి సెలవుల్లేవు

రండి రండి, గుమ్మంలో నిలబడకండి, ఎండ మీతోపాటు లోపలికొచ్చేస్తుంది. ఆ కుర్చీ ఇలా కూలర్ ఎదురుగా లాక్కోండి. నీళ్ళు ఇప్పుడే పోశాను, వట్టివేళ్ళ తడిక తడిసేదాకా ఓ ఐదు నిమిషాలు వేడిగాలే కొడుతుంది, ఓపిక పట్టండి. ఉగాది పచ్చడి తిని ఎంతో కాలం కాలేదు. ఈలోగా ఛత్తీస్‌గఢ్‌లోని మా భిలాయ్‌లో వేపపూత రాలిపోయింది, రోడ్ల పక్కన తురాయి ఎర్రగా, రేల పచ్చగా పోటీపడి పూశాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ వాటి కింద స్కూటరు ఆపుకుని మొహం తుడుచుకునేవాడికి పువ్వు కనబడదు, నీడే కనబడుతుంది.

ఎండ మాకు కొత్త కాదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ఇక్కడి ఉక్కు ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించిన నాటినుంచీ కొలిమి ముందు నిలబడ్డవాళ్ళ పిల్లలం, మనవలం. నలభై మూడు డిగ్రీలంటే "ఏటి, ఇంతేనా" అనడం మా ఇంటి ధైర్యం. ఆ ధైర్యం ప్లాంటులో పనికొచ్చిందేమో గానీ, మిట్టమధ్యాహ్నం నెత్తిన తుండుగుడ్డ కూడా లేకుండా బడి డాబా మీద నీళ్ళట్యాంకు కడిగే మనిషికి మాత్రం పనికిరాదు. ఇవాళ్టి కబుర్లన్నీ ఆ మనిషి చుట్టూనే తిరుగుతాయి, ముందే చెప్తున్నా.

అన్నట్టు, మన రోహిణి కార్తె ఇక్కడి వాళ్ళకి నౌతపా. మే 25 ప్రాంతంలో సూర్యుడు రోహిణిలోకి రాగానే రెండూ ఒకేసారి మొదలు. మనం రోళ్ళు పగులుతాయంటాం, పక్కింటి ఛత్తీస్‌గఢీ పిన్ని తొమ్మిది రోజులు వేళ్ళ మీద లెక్కపెడుతుంది. నౌతపా ఎంత కాగితే వానలు అంత బాగా పడతాయని ఆవిడ నమ్మకం. మన కార్తె దాదాపు రెండు వారాలు, వాళ్ళది తొమ్మిదే రోజులు. ఈ ఒక్క బేరంలో నష్టపోయింది మనమే.

ఇక బడులకి సెలవులిచ్చేశారు. మామూలుగా మే ఒకటి నుంచి జూన్ 15 దాకా, ఎండ ముందే ముదిరిన ఏడాది ఏప్రిల్ చివర్లోనే. మన తెలుగువాళ్ళుండే ఖుర్సీపార్ నుంచీ, ప్లాంటు సెక్టార్ల నుంచీ పిల్లలూ తల్లులూ మూటాముల్లే సర్దుకుని పలాస, బొబ్బిలి, పార్వతీపురం దారి పట్టారు. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్–విశాఖ వందేభారత్ కూడా ఉంది కాబట్టి చేతిలో డబ్బున్నవాళ్ళు చల్లగా వెళ్తున్నారు. మిగతావాళ్ళకి పాత రైళ్ళే. టిట్లాగఢ్ దగ్గర కిటికీ తీస్తే పెనం మీద మొహం పెట్టినట్టుంటుంది, అయినా అమ్మమ్మగారి ఊరనేసరికి పిల్లలకి అదీ వేడుకే.

పిల్లలు వెళ్ళారు, మాస్టార్లు వెళ్ళారు, బడి ఎక్కడికీ వెళ్ళలేదు. నేను ముప్ఫయ్యేళ్ళు బడి ఆఫీసులో గుమస్తాగిరీ చేసినవాణ్ణి, మే నెల బడి ఎలా ఉంటుందో నాకు తెలుసు. గేటు దగ్గర వాచ్‌మన్, ఆఫీసులో ఒక గుమస్తా, ఒక అటెండరు, బక్కెట్టుతో ఆయమ్మ, చీపురుతో సఫాయి తమ్ముడు, వెనకాల షెడ్డులో బస్సు కింద దూరిన డ్రైవరు. మా రోజుల్లో పలాస వైపు నుంచి వచ్చిన ఒక వాచ్‌మన్ బాబాయి ఉండేవాడు. "సెలవులెక్కడికి బాబాయ్?" అనడిగితే మెళ్ళో తాడు పైకి తీసి చూపించేవాడు. "ఏటి బాబూ సెలవులు? తాళాలన్నీ నా మెళ్ళోనే ఉన్నాయి గదా." నలభై గదుల తాళాలు. నడుస్తుంటే ఎడ్లబండి వచ్చినట్టు చప్పుడు.

ఈ ఉద్యోగాల పేర్లలో ఒక తమాషా ఉంది. ఛత్తీస్‌గఢ్ సర్కారీ కాగితాల్లో అటెండరుని ‘భృత్య’ అంటారు. మన తెలుగులో భృత్యుడు పద్యాల్లో తప్ప కనబడడు, ఇక్కడ ఆయన పొద్దున్న పదింటికి హాజరుపట్టీలో సంతకం పెడతాడు. ఇంత కావ్యభాష ఇచ్చారు గానీ కుర్చీ మాత్రం ఒక కాలు విరిగిందే ఇచ్చారని మా ఆఫీసులో ఒకాయన అంటుండేవాడు. ఇప్పుడు చాలాచోట్ల ఆ పేరూ లేదు, ఠేకాలో, అంటే కాంట్రాక్టులో, వచ్చినవాళ్ళే ఎక్కువ. ఠేకా వాడికి సెలవంటే జీతం కోత, కాబట్టి జ్వరమొచ్చినా గేటు దగ్గరే కనబడతాడు.

గుమస్తాలకైతే మే నెలే అసలు పరీక్ష. బోర్డు ఫలితాలు వచ్చాయంటే కిటికీ ముందు లైను. టీసీ కావాలి, మార్కుల కాగితంలో ఇంటిపేరు తప్పు పడింది, నాన్న పేరు ముందుకొచ్చింది, అమ్మ పేరు వెనక్కిపోయింది. మన తెలుగువాళ్ళ ఇంటిపేరు ముందుంటుందని ఇక్కడి కంప్యూటరుకి ఎంత చెప్పినా ఎక్కదు, దాంతో ‘పట్నాయకుని’, ‘గొర్లె’ అన్నీ పిల్లల సొంత పేర్లయి కూర్చుంటాయి. వాటిని సరిచేస్తూ తెర వంక గుచ్చి గుచ్చి చూసే గుమస్తాలకి ఒక మాట: నలభై దాటాక దగ్గరి అక్షరం మసకబారడం రోగం కాదు, వయసు. కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి చదువుతున్నారంటే మీకు కావలసింది పొడుగు చెయ్యి కాదు, చదువుకునే అద్దాలు. సెలవుల్లో కళ్ళు చూపించుకోండి. నేను ఐదేళ్ళు వాయిదా వేసి, ఒకసారి పిల్లాడి పుట్టిన నెల 3ని 8 చేశాను. ఆ పిల్లాడు ఐదు నెలలు చిన్నవాడైపోయాడు. వాళ్ళమ్మ నన్ను ఇప్పటికీ పలకరించదు.

ఇక సఫాయి సంగతికి వద్దాం, ఇది కాస్త నెమ్మదిగా వినండి. సెలవుల్లో మరుగుదొడ్లన్నీ ఒకేసారి కడుగుతారు. పని తొందరగా తెమలాలని బ్లీచింగ్ పౌడరు చల్లి, దానిమీదే యాసిడ్ పోస్తారు. తెల్లగా మెరుస్తుందని పేరు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడుతుంది, కిటికీ లేని గదిలో అది గొంతునీ ఊపిరితిత్తుల్నీ కాల్చేస్తుంది. ఒక రోజు ఒకటి, బాగా నీళ్ళు కొట్టి కడిగాక మర్నాడు ఇంకొకటి. తలుపులు బార్లా తీసి, చేతులకి తొడుగులు వేసుకుని. అక్కా, తమ్ముడూ, హెడ్‌మాస్టరు తొందరపెడితే ఈ కబుర్లు చూపించండి. తిడితే నన్నే తిడతారు.

నీళ్ళ మాటొచ్చింది కాబట్టి ఆయమ్మల రహస్యం ఒకటి బయటపెడతాను. వాళ్ళు పొద్దుటినుంచీ మంచినీళ్ళు తాగరు. దాహం లేక కాదు, తాగితే వెళ్ళాలి, వెళ్ళడానికి తమకంటూ శుభ్రమైన చోటు లేదు. ఊళ్ళో పిల్లల దొడ్లన్నీ కడిగేవాళ్ళకి తలుపు గడియపడే దొడ్డి ఒకటి లేకపోవడం ఏం లెక్కో. నీళ్ళు తాగని వేసవిలో ఒంట్లో మంటలూ, కిడ్నీలో రాళ్ళూ ఊరికే రావు. అందుకే పెద్దసార్లకి మనవి, ఒక గది, ఒక గడియ, ఒక తాళంచెవి ఆ అక్కల చేతికివ్వండి. ఖర్చు యాభై రూపాయల గడియ.

తాగేదేమిటంటే, లీటరు మంచినీళ్ళలో ఆరు టీ చెంచాలు చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాకి అంచు దాటకుండా గీసి కొలవాలి. వాంతులో విరేచనాలో పట్టుకున్నప్పుడు ఇంట్లోనే చేసుకునే ప్రాణాధారం ఇది. ఉప్పు ఎక్కువైతే మేలుకన్నా కీడే. మామూలు చెమటకి పలచని మజ్జిగ చాలు, షుగరున్నవాళ్ళకి అదే మేలు. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే లూ, అంటే వడగాలి, తగలదని ఇక్కడందరికీ గట్టి నమ్మకం, మా అటెండరు ఒకాయన జేబు ఎప్పుడూ ఉబ్బుగానే ఉండేది. నేను కాదనను, పైగా మధ్యాహ్నం అన్నంలోకి ఉల్లిపాయ సిద్ధం. కానీ మనిషి ఒళ్ళు పెనంలా కాలిపోతూ, మాట తడబడుతూ, ఎదురుగా ఉన్నవాణ్ణి పోల్చుకోలేకపోతే అప్పుడు ఉల్లిపాయ వెతక్కండి. నీడకి లాగి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి విసురుతూ 108కి ఫోను చెయ్యండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యకండి.

తిండి కబురు లేకపోతే కబుర్లేమిటి! మన శ్రీకాకుళం తాతలు తరవాణి తాగి పొలం వెళ్ళేవాళ్ళు కదా. ఇక్కడ దాని తోబుట్టువు ఉంది, పేరు బోరే బాసి. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి, పొద్దున్నే ఉప్పు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, ఉంటే కాస్త పెరుగు. బోరే అంటే ముంచిన, బాసి అంటే చద్ది. 2022లోనూ 2023లోనూ మే ఒకటిన కార్మికుల గౌరవార్థం మంత్రులూ ఆఫీసర్లూ దాన్ని తింటూ ఫోటోలు దిగారు. మా బడి ఆయమ్మ ఆ ఫోటో చూసి, "నేను రోజూ తింటాను, నా ఫోటో ఎవరూ తియ్యరేటి?" అంది. నిజమే మరి. చద్దన్నం చలవ చేస్తుంది, కడుపులో బరువుండదు, పదకొండింటిదాకా చెయ్యి ఆడుతుంది. ఒకటే జాగ్రత్త, ఈ ఎండకి అది తొందరగా పులిసిపోతుంది. రాత్రి నానేస్తే పొద్దున్నే తినెయ్యాలి, మధ్యాహ్నానికి దాచకూడదు. మా ఇంట్లో చోడి అంబలి పక్షం, పక్కింట్లో బాసి పక్షం. గోడ మీంచి గిన్నెలు అటూ ఇటూ మారుతుంటాయి కాబట్టి యుద్ధం ఇంతవరకు రాలేదు.

అన్నట్టు వంట అంటే రసోయియా దీదీల సంగతి. మధ్యాహ్న భోజనం వండేవాళ్ళని ఇక్కడ అలా పిలుస్తారు. పాతికమంది పిల్లల దాకా ఒకరు, వంద దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకీ ఒకరు అని లెక్క. కేంద్రం 2009లో వాళ్ళకి నెలకి వెయ్యి రూపాయలని ఖాయం చేసింది, అదీ ఏడాదికి పది నెలలకే. రాష్ట్రాలు తమ వాటా కలుపుతాయి, ఆంధ్రాలో 2019లో మొత్తం మూడు వేలు చేశారు. ఈ పది నెలల లెక్క ఎవరు కట్టారో గానీ ఆయనకి మే, జూన్ నెలల్లో ఆకలి వెయ్యదనుకుంటాను. దీదీలు ఊరుకోరు, సెలవుల్లో అప్పడాలు ఒత్తుతారు, పెళ్ళిళ్ళలో వంటకి వెళ్తారు. మీ ఇంట్లో ఈ నెల వేడుకేదైనా ఉంటే, మీ పిల్లాడికి ఏడాదంతా పప్పన్నం పెట్టిన చెయ్యి ఎక్కడుందో కనుక్కుని పిలవండి. అప్పడాలు కూడా ఆవిడ దగ్గరే కొనండి, బేరమాడకండి.

ఇక మైత్రీబాగ్ కబురు. రష్యావాళ్ళతో స్నేహానికి గుర్తుగా 1972లో కట్టిన తోట, తెల్లపులులకి పేరు. ఏటా ఎండలు ముదరగానే అక్కడ జంతువులకి కూలర్లు పెడతారు, నీళ్ళు చల్లుతారు, పచ్చ తెరలు కడతారు. చాలా మంచి పని, పులి సుఖంగా ఉండాల్సిందే. అయితే బడి స్టోరు రూములో పాత రిజిస్టర్లు సర్దే అటెండరు నెత్తి మీద ఫ్యాను మూడేళ్ళుగా తిరగడం లేదు. ఆయన గర్జించడు, అదొక్కటే లోపం.

బరువుల సంగతి కూడా చెప్పుకుందాం. వేసవిలో బల్లలన్నీ మేడ మీదికీ కిందికీ మారతాయి, రంగులేస్తారు, విరిగినవాటికి మేకులేస్తారు. నడుం వంచి లేపకండి, మోకాళ్ళు వంచి కూర్చుని, బల్ల ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి, ఇద్దరు మనుషులు లేకుండా బల్ల ముట్టకండి. పని పొద్దున్న పదకొండులోపు, మళ్ళీ నాలుగు తర్వాత. పన్నెండు నుంచి మూడు దాకా ఆ మేడ మెట్ల మీద పిల్లి కూడా తిరగదు, మనుషులకేం పని? ఆయమ్మలు రాత్రి పడుకోబోయే ముందు పాదాలు గోరువెచ్చని నీళ్ళలో కాసేపు పెట్టుకుని, మడమల పగుళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటే చాలు, నిద్ర దానంతటదే వస్తుంది. షుగరున్నవాళ్ళు ముందు నీళ్ళలో మోచెయ్యి పెట్టి చూసుకోండి, వాళ్ళ పాదాలకి వేడి తెలియకపోవచ్చు.

డ్రైవర్లకి ఈ నెల బస్సుల తనిఖీ తద్దినం. బ్రేకు, లైటు, మందుల డబ్బా, మంటలార్పే సిలిండరు అన్నీ చూపించాలి. బస్సుకి ఫిట్‌నెస్ ఉంటుంది సరే, నడిపే మనిషికి? బీపీ ఒకసారి చూపించుకోండి బాబాయిలూ. ఇంజను పక్కన పొద్దున్నుంచీ కూర్చునే ఉద్యోగం, పైగా వెనకాల యాభై మంది పిల్లల అరుపులు. ఆ బీపీ పెరక్కపోతేనే ఆశ్చర్యం.

రాత్రి కాపలావాళ్ళకి పగటి నిద్రే నిద్ర. కిటికీకి తడి గోనె కట్టుకుని, ఫోను పక్కన పెట్టి పడుకోవాలి. ఫోను అంటే గుర్తొచ్చింది, మా వీధి బడి గేటు దగ్గర రాత్రి తొమ్మిదైతే పండవానీ, అంటే ఇక్కడి భారతకథా గానం, వినబడుతుంది. తీజన్ బాయి గొంతు. ఆవిడ సొంతూరు గనియారి మాకు దగ్గరే. మన ప్లాంటులోనే ఉద్యోగం చేసింది, చిన్నప్పుడు బడి చదువు లేదు, 2019లో పద్మవిభూషణ్ అందుకుంది. వాచ్‌మన్ కాకా భీముడి గదాయుద్ధం దగ్గర శబ్దం పెంచుతాడు. దొంగలెవరైనా గోడ దూకబోయినా కథ అయ్యేదాకా ఆగుతారనుకుంటాను.

ఇక మెచ్చుకోళ్ళ విషయం. సెప్టెంబరు 5న గురువులకి పువ్వులూ కార్డులూ, నవంబరు 14న పిల్లలకి మిఠాయిలు. బడి తలుపు తీసేవాళ్ళకి మన కేలండర్లో ఒక ఎర్ర అంకె లేదు. అమెరికాలో కాలిఫోర్నియా వాళ్ళు మే మూడో వారాన్ని ఇలాంటి బడి ఉద్యోగుల కోసం కేటాయించుకున్నారు. జపానులో మరీ విడ్డూరం, పిల్లలే రోజూ చీపుర్లు పట్టి తమ గదులు ఊడుస్తారు. మన దగ్గర పిల్లాడి చేతికి చీపురిస్తే సాయంత్రానికి వాళ్ళ నాన్న గేటు దగ్గరుంటాడు. నాకైతే జపాను పద్ధతే నచ్చింది. తాను ఊడ్చిన నేల మీద ఎవడూ చిప్స్ కవరు పారెయ్యడు.

మన పద్ధతి ఏమిటంటారా, రిటైరైన రోజున శాలువా. అందులోనూ మే ఆఖరికి రిటైరయ్యేవాళ్ళే ఎక్కువనిపిస్తుంది. నలభై నాలుగు డిగ్రీల్లో ఉన్నిశాలువా కప్పి, మెళ్ళో బంతిపూల దండ వేసి, గంటసేపు ఉపన్యాసాలు. నాకూ అలాగే జరిగింది, చెమటకి శాలువా రంగు నా చొక్కాకి అంటింది. ఆ డబ్బుతో టేబుల్ ఫ్యానో, మట్టికుండో, మెత్తటి చెప్పుల జతో ఇవ్వండి. అదీ రిటైరయ్యాక కాదు, పనిలో ఉండగానే.

సుపేలా ఆదివారం సంతకి వెళ్ళొచ్చాను, ఆ కబురు చెప్పకపోతే ఊరుకోరు మీరు. మన సీమచింతకాయలు ఇక్కడ గంగా ఇమ్లీ పేరుతో కుప్పలుపోశారు. తునికిపళ్ళు వచ్చాయి, సారపళ్ళు వచ్చాయి. ఆవకాయ కాయ మాత్రం మన కలెక్టరు కాయలా గట్టిగా లేదు, అయినా మా ఇంటావిడ నువ్వులనూనె, ఆవపిండి సిద్ధం చేసింది. నూనె దగ్గరే గొడవ, ఆవనూనె పోసిన ఆవకాయ చూస్తే మా అత్తగారు కన్నీళ్ళు పెట్టుకుంటుంది, కారం వల్ల కాదు. అక్షయతృతీయ నాడు, ఇక్కడ అక్తీ అంటారు, వీధిలో పిల్లలంతా మట్టిబొమ్మల పెళ్ళి చేశారు. మా వైపు పిల్లలు మగపెళ్ళివారు, ఛత్తీస్‌గఢీ పిల్లలు ఆడపెళ్ళివారు. మగపెళ్ళివారికి మర్యాద తక్కువైందని మావాళ్ళు అలిగి భోజనం మానేశారు. పుట్టింది భిలాయ్‌లోనే అయినా రక్తం శ్రీకాకుళం దాకా పోయింది.

అక్తీ నాడే ఇక్కడ నీళ్ళకుండలు దానం చేస్తారు. మేమూ మా వీధి బడి గేటు పక్కన, వేపచెట్టు కింద ప్యావూ పెట్టాం, అంటే మన చలివేంద్రమే. మూడు ఎర్రకుండలు, గోనె తడిపి చుట్టాం. పొద్దున్నే నీళ్ళు నింపేది మళ్ళీ ఆ వాచ్‌మన్ కాకాయే, మేం వంతులేసుకున్నా మాకంటే ముందు లేస్తాడు. జూన్ 16న బడి తెరిచేదాకా ఉంటుంది. అటుగా వస్తే తాగండి, కాకాని ఒకసారి పలకరించండి, మీ చేతిలో బకెట్టు నీళ్ళుంటే ఓ కుండలో పొయ్యండి. గ్లాసు మాత్రం పట్టుకెళ్ళకండి, ఇప్పటికే రెండు పోయాయి.